తొలకరి ముందు నిర్ణయం



హిందీలోని 'సంభావనా' అన్న మాటను తెలుగు చేసేటప్పుడు అనువాదకుడు కొంచెం జాగ్రత్తపడాలి. మనకు సంభావన అంటే పండితులకు తాంబూలంలో పెట్టి ఇచ్చే రొక్కం. వారికి అది 'జరుగవచ్చు, జరుగకపోవచ్చు' అన్న భావం. మృగశిర కార్తె వచ్చిందంటే మెట్ట రైతు తలపడవలసినది ఈ రెండవ అర్థంతోనే.

తొలి పదునుకే విత్తాలా, మరొక వాన కోసం ఆగాలా? ముందే విత్తిన తరువాత మూడు వారాలు చినుకు రాలకపోతే మొలక మాడిపోతుంది, విత్తనాల అప్పు మిగులుతుంది. ఆగితే అదను తప్పుతుంది. ఏది మేలో ఆనాడు నిశ్చయంగా చెప్పగలవారు ఎవరూ లేరు.

శాస్త్రం ఏమీ చేయలేదని కాదు. హిమాలయాల మంచును ఆధారం చేసుకొని బ్లాన్‌ఫోర్డ్ 1886లోనే ఋతుపవనాల అంచనాను ప్రకటించాడు. అయినా 2002లో వర్షపాతం మామూలుగా ఉంటుందని అంచనా వేస్తే, జూలై వానలో దాదాపు సగం లోపించింది. ఆ ఏడాది కరవు సంవత్సరమైంది. పైగా అంచనా దేశమంతటి సగటుకు సంబంధించినది. సగటు వాన ఏ ఒక్కరి పొలంలోనూ కురవదు కదా!

ఆర్థిక శాస్త్రంలో 1978 నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్ ఇటువంటి స్థితినే పరిశీలించాడు. మనిషికి సమస్త సమాచారమూ అందదు, అందినా అంతటినీ లెక్కకట్టే శక్తి చాలదు. అందువల్ల అత్యుత్తమమైన దానికోసం వెదుకుతూ కూర్చోక, తన అవసరానికి చాలినది దొరకగానే స్థిరపడతాడు.

గఢ్వాల్ కొండలలో 'బారహ్‌నాజా' అనే సేద్యం ఉన్నది. పన్నెండు ధాన్యాలని అర్థం. 'మండువా', అంటే మన రాగులే, దానితోపాటు ఉలవలు, మినుములు, అలసందలు, రాజ్మా, తోటకూర జాతి గింజలు ఒకే పొలంలో కలిపి వేస్తారు. అనంతపురం రైతు వేరుశనగ సాళ్ళ నడుమ కంది వేస్తాడు. వేరుశనగ ఎండినా, వేరు లోతుకు దిగే కంది వెనుకటి వానలకు కోలుకుంటుంది. ఒకరి భాష ఒకరికి తెలియని ఈ ఇద్దరూ వేసిన లెక్క ఒక్కటే: ఏ వాన వస్తుందో తెలియదు గనుక, ఏది వచ్చినా గింజ ఇంటికి చేరాలి. మంచి ఏడాదిలో ఒకే పంట వేసినవారికి ఎక్కువ డబ్బు వస్తుందన్నదీ నిజమే. చెడ్డ ఏడాదిని తట్టుకొనే స్తోమత ఉన్నవారికే ఆ పందెం చెల్లుతుంది.

వాతావరణ శాఖ ఇప్పుడు ఋతువు మొత్తానికి లోటు ఎన్ని పాళ్ళు, మామూలు ఎన్ని పాళ్ళు అని కూడా ప్రకటిస్తున్నది. గ్రామానికి చేరేసరికి ఆ అంకెలు తరచు రాలిపోయి, 'ఈసారి వానలు మామూలే' అన్న వాక్యం మిగులుతుంది. అనువదించే మావంటివారు ఆ అంకెలను తెలుగులోనూ నిలపాలి. లోటుకు నూటికి ముప్పయి పాళ్ళు అవకాశం ఉన్నదని వింటే, విత్తనాలకు ఎంత అప్పు తేవాలో, కంది సాళ్ళు ఎన్ని వేయాలో రైతు తానే తేల్చుకుంటాడు.