మెదడు దెబ్బకు కొలత
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పక్షవాతం. నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పేవాణ్ణి. కాబట్టి మందుల జోలికి పోను. మెదడులో ఎంత భాగం దెబ్బతిన్నదో పుర్రె తెరవకుండా కంప్యూటరు ఎట్లా లెక్కగడుతుంది, ఆ లెక్కతో మన ఇండ్లకు పనేమిటి అన్నదే నా మాట.

మన ఇండ్లల్ల దీన్ని ఫాలిజ్ అంటాం. చెయ్యీ కాలూ పడిపోతాయి గనుక రోగం అక్కడే ఉన్నదనుకుంటాం. నూనెతో మర్దనా చేస్తాం, అడవి పావురం కోసం మనిషిని పంపుతాం. అసలు దెబ్బ మెదడులో ఉంటుంది. అది రెండు రకాలు. రక్తనాళం గడ్డతో మూసుకుపోవడం ఒకటి, నాళం చిట్లి రక్తం కారడం రెండోది. పైకి రెండూ ఒక్క తీరుగనే కనబడతాయి. కానీ మొదటి రకానికి ఇచ్చే గడ్డ కరిగించే మందు రెండో రకానికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడాను నిమిషాల మీద చెప్పేది సీటీ స్కాన్.

1971 అక్టోబరులో లండన్‌లో మొదటిసారి ఒక రోగి మెదడును సీటీ తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. సీటీ బొమ్మ ఫోటో వంటిది కాదు, అంకెల పట్టిక. నీళ్ళకు సున్న, గాలికి మైనస్ 1000 అని పెట్టుకొని, ప్రతి చుక్కకూ ఒక అంకె వేస్తుంది. కొత్తగా కారిన రక్తానికి మెదడు కంటే పెద్ద అంకె వస్తుంది, అందుకే తెల్లగా కనబడుతుంది.

ఇక కొలత. బడిలో ఆకును గ్రాఫు కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసి, గడులు లెక్కపెట్టి వైశాల్యం చెప్పిస్తాం కదా! సాఫ్ట్‌వేర్ చేసేది అదే పని. కాకపోతే గడులకు మందం కూడా ఉంటుంది. ఒక్కో గడి అర మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం అనుకోండి. అంటే 1.25 ఘనపు మిల్లీమీటర్లు. అటువంటివి 800 చేరితే ఒక మిల్లీలీటరు. దెబ్బతిన్న చోటి గడులు 56,000 అయితే 70 మిల్లీలీటర్లన్న మాట.

కంప్యూటరు లేకున్నా డాక్టర్లకు చేతి లెక్క ఒకటుంది. రక్తపు గడ్డ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సగం చేస్తారు. 4, 3, 3 అయితే 18 మిల్లీలీటర్లు. గడ్డ కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఈ లెక్క చాలావరకు సరిపోతుంది, వంకరటింకరగా ఉంటే తప్పుతుంది. అక్కడే గడుల లెక్క మేలు.

ఈ కొలత కాగితం మీదనే ఉండిపోదు. 2018లో అమెరికాలో డిఫ్యూజ్-3 అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. నాళం మూసుకుపోయి 6 నుంచి 16 గంటలు గడిచిన రోగులను తీసుకున్నారు. చచ్చిపోయిన భాగం ఎంత, రక్తం తగ్గినా ఇంకా బతికి ఉన్న భాగం ఎంత అని సాఫ్ట్‌వేర్‌తో కొలిచారు. చచ్చిన భాగం 70 మిల్లీలీటర్ల లోపుండి, కాపాడదగినది తగినంత ఉన్నవారికి సన్నని గొట్టంతో గడ్డను లాగేశారు. మూడు నెలలకు వారిలో నూటికి 45 మంది తమ పనులు తాము చేసుకోగలిగారు. మందులు మాత్రమే ఇచ్చినవారిలో 17 మందే.

అయితే దీన్ని విని “ఇంకా టైముంది” అనుకోవద్దు. ఆ అవకాశం అందరికీ ఉండదు. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు మామూలు గడువు నాలుగున్నర గంటలే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 160 పైమాటే. చుట్టాలందరూ వచ్చి, డబ్బులు జమచేసి, పట్నం బయలుదేరేసరికి గడువు దాటిపోతుంది. ముందు సీటీ ఉన్న దగ్గరి ఆసుపత్రికే పోవాలి.

యంత్రానికీ హద్దులున్నాయి. మూసుకుపోయిన రకంలో తొలి గంటల సీటీ మామూలుగానే కనబడవచ్చు. తల కదిలినా, పాత దెబ్బ మచ్చ ఉన్నా లెక్క తప్పవచ్చు, డాక్టరు కన్ను తప్పనిసరి. పైగా పరిమాణమొక్కటే చాలదు. మెదడు కాండంలో చిన్న దెబ్బ ప్రాణం తీయవచ్చు. ఎడమవైపు దెబ్బ చాలామందికి మాట పోగొడుతుంది.

మాట అంటే మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, డాక్టర్ సుభాష్ కౌల్ బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. దెబ్బ తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవారు ఒకే భాష వచ్చినవారిలో నూటికి 20 మంది, రెండు లేక అంతకు మించి భాషలు వచ్చినవారిలో 40 మంది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన బతుకు వెలితి కాదు, ఆస్తి. పిల్లలకు ఏ ఒక్క భాషనూ మాన్పించకండి. అయితే మాట పడిపోయేది మాత్రం రెండు వర్గాలలోనూ ఇంచుమించు సమానమే. కాబట్టి దాదీమా తెలుగు ప్రశ్నకు జవాబు చెప్పకుంటే, ఆమె జబాన్ ఉర్దూ అని డాక్టరుకు మీరే చెప్పాలి. లేకుంటే భాష రాకపోవడాన్ని మాట పోవడంగా లెక్కవేసే ప్రమాదముంది.

ఇక నా మనవులు నాలుగు. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోన్ చేయండి. మనిషి చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాయండి, డాక్టరు మొదట అడిగేది అదే. స్కాన్ తీయించినప్పుడు ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి దాచండి, సాఫ్ట్‌వేర్‌కు కావలసిన అంకెలు దానిలోనే ఉంటాయి. నాలుగోది సొసైటీకి: జుమా నమాజు తర్వాత బీపీ చూసే ఏర్పాటు చేయండి. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం బీపీ, దాన్ని కొలవడానికి రెండు నిమిషాలు చాలు.

దువా చేద్దాం, దవా ఆలస్యం చేయొద్దు. అల్లాహ్ మనందరికీ సేహత్ ప్రసాదించుగాక. వస్సలాం.