రక్తము చెప్పునది, రిజిస్టరు చెప్పునది
(శతవార్షికోత్సవ కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవములు సమీపించిన నాటినుండి "మా తాతగారి బాప్తిస్మము ఏ సంవత్సరము?" అని అడుగుచు మా యొద్దకు వచ్చువారు ఎక్కువైరి. విదేశములందున్న మన పిల్లలు కొందరు ఉమ్మి పరీక్ష చేయించుకొని, డి.ఎన్.ఏ. కలిసిన బంధువుల పట్టీతో వచ్చుచున్నారు. ఆ పట్టీని ఎట్లు చదువవలెనో నాలుగు మాటలు చెప్పుదుము.

మన సంఘపు యువకుడొకనికి, ఎన్నడును పేరు వినని ఒక వ్యక్తితో 150 సెంటీమోర్గన్లు కలిసెను. ఇద్దరు పంచుకొనిన డి.ఎన్.ఏ.కు ఇది కొలత. తల్లికిని బిడ్డకును సుమారు 3,400. అన్నదమ్ముల పిల్లల మధ్య 870 ప్రాంతము. తాతలు తోబుట్టువులైనచో 230. ముత్తాతలు తోబుట్టువులైనచో 75. ఇవి సగటులే, హెచ్చుతగ్గులు చాల ఉండును. పరీక్ష చేసినవారు "తాతలు తోబుట్టువులు కావచ్చును" అని వ్రాసిరి. అయితే తాతగారు ఏకైక కుమారుడు. అవ్వ తోబుట్టువుల సంతానమంతయు ఎరిగినవారే. "ముత్తాతకు వేరొక సంసారముండెనా?" అను అనుమానము పుట్టి, ఆ ఇంట పెద్దలకును పిన్నలకును మాటలు లేకపోయెను.

వారిద్దరికిని కలిసిన మూడవ వ్యక్తి పట్టీలో కనబడగా, ముగ్గురిదియు ఒకే వంశమని అనుమానము మరింత బలపడెను. ఇక్కడనే పొరపాటు. ఆ మూడవవారు యువకునికి తల్లి వైపు బంధువు, కొత్తవ్యక్తికి వేరొక దారిని చుట్టము. ఇద్దరికిని తెలిసిన మనిషి ఇద్దరికిని ఒకే వరుస కానక్కరలేదు గదా! ముగ్గురికిని ఒకే క్రోమోజోములో ఒకే భాగము కలిసినప్పుడే, ఒకే పూర్వికుడనుటకు బలము చేకూరును.

మేము పాత రిజిస్టర్లు తెరచితిమి. తాతగారి తల్లి, అవ్వగారి తండ్రి, కొత్తవ్యక్తి ముత్తవ్వ, ఈ ముగ్గురి పేర్లును బాప్తిస్మపు రిజిస్టరులో ఒకే తలిదండ్రుల క్రింద నున్నవి. తాతగారు మేనమామ కూతురినే పెండ్లాడిరి! కనుక ఆ వ్యక్తి ముత్తాతల తరపు బంధువే గాని, రెండు దారులను బంధువు. డెబ్బదియైదు రెండింతలైనచో నూటయేబది. ముత్తాత మీద పడిన నింద ఆ దినమే తొలగెను.

మేనరికములున్న మన కుటుంబములలో దూరపు చుట్టము దగ్గరి చుట్టమువలె కనబడును. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును ఇతర దేశీయులును కలిసి ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని అనేక సమాజములు తరతరములుగా తమలో తామే వివాహములు చేసికొనినందున, కొద్దిమంది పూర్వికుల డి.ఎన్.ఏ.నే ఎక్కువగా పంచుకొనుచున్నవని తేలినది. ఇందుకు భిన్నముగా, ముత్తాతలు తోబుట్టువులైన వారిలో పదింట ఒక జంటకు ఏమియు కలియకపోవచ్చును. కలియనంత మాత్రమున బంధుత్వము లేదనరాదు.

కొన్నిసార్లు అనుమానము నిజమే కావచ్చును. 1876–78 కరవులో మిషనువారు చేరదీసిన అనాథలెందరో, వారిని పెంచుకొనిన ఇండ్లెన్నో. పెంచిన చేతులను పరీక్ష చూపలేదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయమున తామారు, రాహాబు, రూతు పేర్లను సువార్తికుడు దాచలేదు. ఊరియా భార్యను సహితము విడువలేదు. మనమును సత్యమునకు వెరవనక్కరలేదు. అయినను బ్రదికియున్న పెద్దలతో ముందుగా ఏకాంతమున మాటలాడుడి. పట్టీలోని పేర్లను నలుగురిలో చదువకుడి, అవి ఇతరుల ఇంటి సంగతులు కూడ.

చివరి మనవి. ఆ ఇంటి శాంతిని నిలిపినది, వెనుకటి గురువొకరు ఓపికతో వ్రాసిన మూడు పంక్తులు. ఆ పుస్తకములను చెదలు తినుచున్నవి. మీ ఇండ్లలోని కుటుంబ బైబిళ్ల మొదటి పుటలను, పెండ్లి పత్రికలను తెచ్చి చూపుడి, నకలు తీసి భద్రపరచుదము. వృద్ధులు చెప్పునది ఈ సంవత్సరమే వ్రాసికొనుడి. మన పేరులన్నియు ఎరిగిన దేవుడు మన కుటుంబములను ఆశీర్వదించును గాక. ఆమేన్.