స్నేహితుల్ని కొండపల్లి బొమ్మలుగా గీద్దాం: చేత్తో చేసే సంక్రాంతి కానుక

ధనుర్మాసం వచ్చేసింది. గుడివాడలో మా వీధిలో పొద్దున్నే హరిదాసు గారి చిడతల చప్పుడు వినిపిస్తోంది, గుమ్మాల ముందు ముగ్గులు పెరుగుతున్నాయి. పండక్కి స్నేహితులకి ఏదైనా చేత్తో చేసి ఇవ్వాలని ఉంది, ఏం చేయమంటారు అని మన వీక్షకుల్లో కొందరు అడుగుతున్నారు. పోయిన సంక్రాంతికి నేను చేసింది ఈ రోజు చూపిస్తాను. ఎలా చేయాలో చెప్తాను. చేసేటప్పుడు నేనొక పొరపాటు చేశాను, అది కూడా చెప్తాను. నిజానికి ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఆ పొరపాటే.

ఇదిగో చూడండి. ఇవి అట్ట మీద గీసి, కత్తిరించి, నిలబెట్టిన బొమ్మలు. ఒక్కొక్కటి ఆరంగుళాల ఎత్తు. మొత్తం ఐదుగురం. 1996 నుంచి 1999 దాకా బందరులో హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం. మధ్యలో ఉన్నది నేను, చేతిలో చాక్‌పీసు, ఎందుకంటే డ్రాయింగ్ టీచర్ని. మిగతా నలుగురి పేర్లు చెప్పను, వాళ్లకి ఇష్టం లేదు. ఊరి పేర్లతో పిలుచుకుందాం.

కొండపల్లి బొమ్మల్లాగే ఎందుకు గీశానంటే, చిన్నప్పుడు మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్లు. మూడు మెట్లు, వాటి మీద అమ్మ చీర పరిచి, పైన దేవుళ్లు, కింద కొండపల్లి మనుషులు. పేరంటానికి వచ్చినవాళ్లకి శనగలు, తాంబూలం. పెద్దవాళ్లు పై మెట్టు వైపు చూసేవాళ్లు, నేను కింది మెట్టు దగ్గరే కూర్చునేదాన్ని. ఎడ్లబండి తోలేవాడు, గంగిరెద్దును ఆడించేవాడు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, రోకలి పట్టుకున్న అమ్మాయి. ఆ బొమ్మలకి మొహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి, గమనించారా? పెద్ద కళ్లు, సన్నటి కనుబొమలు, అంతే. అయినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. చేతుల్ని బట్టి తెలుస్తుందన్నమాట.

అందుకే బొమ్మలు వేయడం రాదు అనేవాళ్లకి కూడా ఇది సులువు. మీ స్నేహితురాలి పోలిక పట్టాల్సిన పని లేదు. ఆవిడ చేతులు ఏం చేస్తుంటాయో గీస్తే చాలు.

కొండపల్లిలో బొమ్మ ఎలా చేస్తారో కొంచెం చెప్పుకుందాం, మన పద్ధతి అక్కడి నుంచి తీసుకున్నదే. వాళ్లు వాడేది తెల్ల పొణికి కర్ర. బాగా తేలిక, మెత్తగా చెక్కుడు పడుతుంది. బొమ్మ మొత్తం ఒకే చెక్కలో చెక్కరు. ఒళ్లు వేరు, చేతులు వేరు, తల మీద గంప ఉంటే అది వేరు. విడివిడిగా చెక్కి, మక్కుతో అతికిస్తారు. మక్కు అంటే చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపి చేసిన ముద్ద. అతుకులు కనపడకుండా నున్నగా చేసి, ఆ తర్వాత రంగులు. కళ్లూ కనుబొమలూ తీర్చడానికి మేక వెంట్రుకలతో చేసిన సన్నటి కుంచె.

ఇప్పుడు మన పద్ధతి. అట్ట కోసం ఏమీ కొనకండి. ఇంట్లో పాత శుభలేఖలు కట్టలు కట్టలు ఉంటాయి, వాటి వెనకవైపు చక్కగా పనికొస్తుంది. ఆరంగుళాల బొమ్మకి తల ఒకటిన్నర అంగుళం పెట్టండి. నిజం మనిషికి ఎత్తులో ఏడో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది తల. బొమ్మకి నాలుగో వంతు ఉండాలి, అప్పుడే బొమ్మలా కనిపిస్తుంది. ఒళ్లు గీసేటప్పుడు చేతులు గీయకండి. చేతులు వేరే ముక్క మీద గీసి, కత్తిరించి, పైన అతికించండి. మైదా ఉడకబెట్టిన జిగురు చాలు, ఫెవికాల్ ఉంటే ఇంకా మంచిది. ఇలా చేస్తే చేతులు కాస్త ఉబ్బెత్తుగా, చెక్కబొమ్మలాగే ఉంటాయి. పోస్టర్ రంగులు నీళ్లు ఎక్కువ కలపకుండా చిక్కగా వేయండి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కో రంగు పూర్తిగా ఆరాకే ఇంకోటి. చివర్లో సున్నా నంబరు కుంచెతో నల్ల గీత, కళ్లు. వెనక అట్టముక్క మడిచి అతికిస్తే నిలబడుతుంది.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. కష్టమైన భాగం ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది బందరు అమ్మాయి. వాళ్లది చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్ నగల పని. హాస్టల్లో మా అందరి చెవులకీ దుద్దులు తనే తెచ్చేది. ఇప్పుడూ అదే పని. పీట మీద కూర్చుని, పట్టకారుతో చిన్న రాయి పట్టుకున్నట్టు గీశాను. ఒక్క గంటలో అయిపోయింది.

రెండోది పెడన అమ్మాయి. అత్తగారింట్లో కలంకారీ అద్దకం. కాళహస్తి వాళ్లు కలంతో గీస్తారు, మన పెడన, బందరు వైపు టేకుచెక్క అచ్చులతో అద్దుతారు. అచ్చు బట్ట మీద పెట్టి, పైన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాలి. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్లలో ఊరబెట్టి తయారుచేసిన నల్లరంగు వేళ్లకి పట్టుకుంటుంది. అచ్చు మీద పిడికిలి ఎత్తినట్టు గీశాను, వేళ్లకి నలుపు వేశాను. ఫొటో పంపితే, "ఒసేయ్, గోళ్లకి కూడా వెయ్యవే, అవి అసలు తెల్లగా ఉండవు" అంది. వేశాను.

మూడోది అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది. ఇక్కడ ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాం, తన చేతులు రోజంతా ఏం చేస్తాయో నాకు తెలీదు. సరే అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఫోన్ చేస్తే నవ్వి, "నన్ను ఆ కుర్చీలోంచి లేపవే బాబూ. జనవరిలో నా చేతులో ఉండేది పార. పొద్దున్నే కారు బయటికి తీయాలంటే మంచు ఎత్తిపోయాలి" అంది. లావు కోటు, తలకి టోపీ, చేతిలో మంచు పార. కొండపల్లి కళ్లతో ఆ టోపీ ఎంత బాగుందో చూడండి.

నాలుగోది దివిసీమ అమ్మాయి. నాగాయలంక వైపు. తను మా అందరికంటే జానెడు పొడుగు. హాస్టల్లో చేరిన వారానికే దానికి తాటిచెట్టు అని పేరు పెట్టేశాం. మూడేళ్లూ అదే పేరు. "తాటిచెట్టూ, ఆ పైనున్న పెట్టె అందుకోవే" అంటే నవ్వుతూ అందుకునేది. కాబట్టి దాన్ని గీయడానికి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కొండపల్లి తాటిచెట్టు బొమ్మ ఉండనే ఉంది కదా! చెట్టుకే దాని మొహం పెట్టి, ఎక్కుతున్న గీత కార్మికుడి బదులు మా నలుగుర్ని చిన్నచిన్నగా ఎక్కించాను. అన్నిటిలోకీ బాగా వచ్చింది అదే. వాట్సాప్‌లో ఫొటో పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. రెండు రోజులు లేదు.

మూడో రోజు నేనే ఫోన్ చేశాను. "బాగుందే బొమ్మ" అంది. కాసేపు ఊరుకుంది. తర్వాత, "ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకు" అని మొదలుపెట్టింది.

1977 నవంబరు 19, శనివారం. ఆ తేదీ మా కృష్ణా జిల్లాలో పెద్దవాళ్లెవర్ని అడిగినా చెప్తారు. దివిసీమ ఉప్పెన. సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రాత్రి బతికినవాళ్లలో చాలామంది చెట్టో, పెంకుటింటి కప్పో పట్టుకుని బతికినవాళ్లు. ఇదంతా నాకు తెలుసు, మా స్కూల్లో పిల్లలకి చెప్తాను కూడా. తెలియనిది ఏమిటంటే, మా స్నేహితురాలి వాళ్లమ్మగారు ఆ రాత్రంతా తాటిచెట్టు పట్టుకుని ఉన్నారని. చంకలో మూడేళ్ల పిల్లాడు. తెల్లారేసరికి ఆవిడ చెట్టుకి ఉన్నారు, పిల్లాడు లేడు. తను పుట్టింది ఆ తర్వాత రెండేళ్లకి.

"అమ్మ ఒకసారి హాస్టల్‌కి వచ్చింది, గుర్తుందా? సున్నుండలు తెచ్చింది. మీరందరూ ఆవిడ ముందే నన్ను ఆ పేరుతో పిలిచారు" అంది.

గుర్తుంది. సున్నుండలు గుర్తున్నాయి. ఆవిడ మొహం ఎలా ఉందో మాత్రం గుర్తు లేదు, ఎందుకంటే నేను చూడలేదు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే" అన్నాను. "చెప్తే మీరు నవ్వడం మానేసేవాళ్లు. నన్ను చూసి జాలిపడేవాళ్లు. నాకు అదీ వద్దు" అంది. నాకు నోట మాట రాలేదు. క్షమించమని అడిగితే, "పోనీలేవే, పాతికేళ్లు అయింది" అంది. పోనీలే అంది గానీ, రెండు రోజులు జవాబు ఇవ్వలేదు కదండీ. ఆ రెండు రోజులు ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను.

అప్పుడు అడిగాను. మొదటే అడగాల్సిన మాట. "నీ చేతులు రోజంతా ఏం చేస్తాయి?"

తను ఏఎన్ఎం. పిల్లలకి టీకాలు వేస్తుంది. ఎదురుమొండి వైపు లంకలకి వెళ్లాలంటే కృష్ణ దాటాలి, పడవ మీదే. భుజానికి నీలంరంగు టీకాల పెట్టె, అందులో ఐసు. ఐసు కరిగేలోపు పని అయిపోవాలి. "పడవలో ఆ పెట్టె కింద పెట్టను. ఒళ్లోనో భుజానో ఉండాల్సిందే" అంది. ఇంత మాట మా ఇద్దరి మధ్య ఎన్నేళ్లుగానో రాలేదు. పిల్లలు ఎలా ఉన్నారు, బియ్యం రేటెంత, ఇవే మాట్లాడుకునేవాళ్లం.

చెట్టు బొమ్మ పక్కన పెట్టేసి రెండోది గీశాను. పడవలో నిటారుగా నిలబడి, భుజాన నీలం పెట్టె. పొడుగు మాత్రం తగ్గించలేదు, అది తనే అడిగింది. ఈసారి ఫొటో వెళ్లిన ఐదు నిమిషాలకే జవాబు వచ్చింది. "ఇది నేనే" అని.

భోగి ముందు రోజుకి అందరికీ అందేలా పంపాను. ఐదు బొమ్మల సెట్లు ఐదు చేశాను, ఎవరి ఇంట్లో వాళ్లు నిలబెట్టుకునేలా. రెండు మందపాటి అట్టల మధ్య పెట్టి, కవరులో వేస్తే చాలు, బరువేమీ ఉండదు. అమెరికాకి మాత్రం నెల రోజుల ముందే పంపాలి. పడవ బొమ్మ తర్వాత గీసింది కాబట్టి న్యూజెర్సీకి అది ఆలస్యంగా, విడిగా వెళ్లింది.

కనుమ నాడు నాగాయలంక నుంచి ఫోన్ వచ్చింది. బొమ్మలు టీవీ పక్కన పెట్టారట. వాళ్లమ్మగారు, ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు, కళ్లజోడు తెప్పించుకుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశారట. కూతురి బొమ్మ చాలాసేపు చూసి ఒకే మాట అన్నారట.

"పడవలో నిలబడకూడదని చెప్పు ఆ పిల్లకి. కూర్చోమను."

తను నవ్వుతూనే చెప్పింది. నేను మాత్రం ఆ సాయంత్రమే ఇంకో శుభలేఖ తీశాను. మూడోసారి గీశాను. పడవలో కూర్చోబెట్టాను, పెట్టె ఒళ్లో పెట్టాను. కూర్చున్నా సరే, పక్కన నిలబడ్డ మాకంటే రవ్వంత ఎత్తే ఉంటుంది చూడండి. ఇదిగో, ఇది ఆ మూడో బొమ్మ. ఒకటి పిన్నిగారికి పంపాను, ఇది నా దగ్గర ఉంది. ఈ ఏడు మా కొలువులో కింది మెట్టు మీద మొదటిది ఇదే.

మీకు నేను చెప్పేది ఒక్కటే. పెన్సిలు పట్టుకునే ముందు ఒక ఫోన్ చేయండి. నీ చేతులు ఈ మధ్య ఏం చేస్తున్నాయి అని అడగండి. పాత ముద్దుపేరు ఏదైనా బొమ్మలో పెట్టాలనిపిస్తే, అది వాళ్లకి ఇష్టమో కాదో కూడా అడగండి. మనకి సరదాగా ఉన్న పేరు వాళ్లింట్లో ఇంకో విధంగా వినిపిస్తూ ఉండొచ్చు. అడిగితే బొమ్మకి ఒక రోజు ఆలస్యం అవుతుంది, అంతేకదా. నేను అడగక పాతికేళ్లు ఆలస్యం చేశాను.

పండక్కి ఇంకా రోజులున్నాయి. శుభలేఖలు బయటికి తీయండి, ఇవాళే మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కళ్లు తీర్చడం ఒక్కటే విడిగా, దగ్గరగా చూపిస్తాను, చాలామంది అక్కడే చెయ్యి వణికి పాడుచేసుకుంటారు. అందరికీ ముందుగా సంక్రాంతి శుభాకాంక్షలు. ఉంటానండీ. నమస్కారం.