దరఖాస్తు గళ్ళలో మన ఇంటిపేర్లు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగనాడు ఆఫీసు కాగితాల మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. ఇంతకుముందే పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్నాం. ఆ రెండు లెక్కలూ ఈ రోజులలో చాలావరకు ఏదో ఒక ఆఫీసు బల్లమీదనే తేలుతున్నవి గనుక ఈ ప్రసంగం అప్రస్తుతం కాదనుకుంటాము.

పుట్టగానే ఒక దరఖాస్తు, బడికి ఒకటి, రేషనుకు ఒకటి. ప్రతిదానిలోను మొదటి గడి పేరుదే. మన వాడుకలో ఇంటిపేరు ముందు, పేరు వెనుక. తమిళనాట తండ్రిపేరులోని మొదటి అక్షరం ముందు వస్తుంది. మరాఠీ సీమలో సొంతపేరు, తండ్రిపేరు, ఆపైన ఇంటిపేరు. యానాంలో 1954 వరకు ఫ్రెంచివారి పరిపాలన; అక్కడ జనన మరణ వివాహాలు వారి పద్ధతినే దస్తరాల కెక్కినవి. ఒక తండ్రి బిడ్డలు ముగ్గురు విజయవాడలో ఒకరు, మదురైలో ఒకరు, షోలాపూరులో ఒకరు స్థిరపడినారనుకోండి. వారి మనుమల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వంశమని ఏ గుమాస్తాకూ తోచదు. గుమాస్తా దాకా ఎందుకు, ఆ పిల్లలకే తెలియదు.

పోతే పోయింది ఒక ఇంటిపేరే కదా అనవచ్చును. కాని మన ఇంటిపేర్లలో చాలాభాగం ఊరిపేర్లు. ఊరు విడిచి నాలుగైదు తరాలైన కుటుంబానికి అక్కడ పొలం లేదు, కొంప లేదు, ఉత్తరం వ్రాసే చుట్టం లేడు. ఫలానా ఊరినుంచి వచ్చామని చెప్పే గుర్తు ఆ ఇంటిపేరొక్కటే. బడి రిజిస్టరు దానిని ఒక పొడి అక్షరం చేసింది. తరువాతి రిజిస్టరు ఆ అక్షరాన్ని కూడ తీసివేసి తండ్రిపేరు అక్షరం చేర్చింది. ఎవరూ కక్షతో చేసిన పని కాదు. గడి ఇరుకు, వెనుక నిలబడిన వరుస పొడుగు, అంతే.

చిత్రమేమంటే, ఒకనాడు వద్దన్నదానినే ఇప్పుడు తెమ్మంటున్నారు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు వేరే గడి ఉన్నది. 2022 నవంబరులో ఐక్య అరబ్ ఎమిరేట్సు వారు పాస్‌పోర్టులో ఒంటిపేరున్న వారిని సందర్శక వీసాలమీద రానీయబోమన్నారు. రెండో పుటలో తండ్రిపేరు ఉంటే చాలునని కొద్ది రోజులకే సడలించారు. అక్కడా తండ్రిపేరే గట్టెక్కించింది. అసలు ఇంటిపేరు ఊసెత్తినవారు లేరు.

మనవాళ్ళు మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఇంటిపేరును పిల్లవాడి పేరులోనే కలిపివేసినవారున్నారు. ఆఫీసుకు ఒక పేరు, శుభలేఖకు నిండుపేరు ఉంచుకున్నవారున్నారు. మహాకవి ఒకరు పూడిపెద్దివారింట పుట్టి, శ్రీరంగంవారికి దత్తు వెళ్ళి శ్రీరంగం శ్రీనివాసరావు అయినారు. ఇంటిపేరులోని మొదటి అక్షరం, పేరులోని మొదటి అక్షరం కలిపి శ్రీశ్రీ అని సంతకం చేశారు. గుమాస్తా చేతిలో పేరును కుదించే పొడి అక్షరాలే ఆయన చేతిలో పేరై కూర్చున్నవి!

దస్తరాలను తిట్టి లాభం లేదు. 1821లో మరణించిన కల్నల్ మెకంజీ పనుపున కావలి సోదరులు మొదలైనవారు సేకరించిన గ్రామ కైఫీయతులలో చాలావరకు కరణాల నోటిమాటలు, వారి కవిలెలే ఆధారం. సర్కారు అడిగిన ప్రశ్నలకు వ్రాసి ఇచ్చిన జవాబులే నేడు ఎన్నో ఊళ్ళకు చరిత్ర. మీ ఇంటిపేరు ఊరిపేరైతే ఆ ఊరి కథ వాటిలో ఉన్నదేమో వెదకి చూడండి.

ఇక మాతృభాష గడి. ఇది మరింత ముఖ్యం. బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని పిల్లలుంటే ప్రాథమిక విద్య వారి మాతృభాషలో చెప్పించాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నిర్ణయించింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ఆ బాధ్యతను రాష్ట్రాలమీద పెట్టింది. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాష అని చెప్పినవారు తమిళనాట సుమారు 42 లక్షలు. అయినా పిల్లవాణ్ణి బడిలో చేర్చేనాడు, ఎందుకు వచ్చిన గొడవ అని, ఆ గడిలో స్థానిక భాష వ్రాసి వచ్చే తండ్రులున్నారు. ఆ ఒక్క మాటతో తొమ్మిదిమంది పదిమంది కాకుండా పోతారు. తొమ్మిదిమందికి పంతులు రాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ తెలుగు అక్షరం వ్రాయలేని పిల్లలు ఈ సభలోనే ఎందరున్నారో మీకు తెలుసు. తమిళం, కన్నడం, ఒరియా చక్కగా నేర్వవలసినదే. అందుకు ఆ గడితో నిమిత్తం లేదు.

ద్వారం దగ్గర బల్లమీద ఒక పెద్ద పుస్తకం ఉంచాము. భోజనాలకు వెళ్ళేముందు ఇంటికొకరు వచ్చి ఇంటిపేరు, తాతల ఊరు, బడికి వెళ్ళే పిల్లల సంఖ్య అందులో వ్రాయవలెను. వ్రాయరాని పిల్లలు చెబితే పెద్దలు వ్రాసిపెట్టవచ్చును. గళ్ళు గీయక మాకూ తప్పలేదు. ఇంటిపేరు గడి మాత్రం వెడల్పుగా గీశాము.