శిశువు ఎత్తు, దేశము లెక్క



“మన పిల్లలు పుట్టుకతోనే పొట్టివారు, దొరల కొలతలు మనకేల?” అను మాట తరచుగా వినవచ్చుచుండును. ఇది సరికాదు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శిశువుల పెరుగుదలకు ప్రమాణములు ప్రకటించినది. అందులకై బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశముల పిల్లలతోపాటు మన ఢిల్లీ పిల్లలను గూడ కొలిచిరి. తల్లిపాలు, తగిన ఆహారము, వైద్యము లభించినచో అయిదేండ్లలోపు పిల్లలు ఎచ్చటనైనను ఇంచుమించు ఒకే తీరున ఎదుగుదురని తేలినది.

ఈ కొలతతోనే నేడు దేశముల ప్రగతిని లెక్కించుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సభ 2012లో ఆరు లక్ష్యములను నిర్ణయించి, 2025ను గడువుగా పెట్టినది. గడువు చాలక 2025లో దానిని 2030 వరకు పొడిగించిరి. ఎదుగుదల కుంటువడిన పిల్లల సంఖ్యను నూటికి 40 వంతులు తగ్గించుట, స్త్రీల రక్తహీనతను సగము చేయుట ఆ లక్ష్యములలోనివే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, 2015-16లో భారతదేశమున అట్టి పిల్లలు నూటికి 38.4, 2019-21లో 35.5. ఆరు నెలలలోపు కేవలము తల్లిపాలపై పెరుగు శిశువులు 54.9 నుండి 63.7కు హెచ్చిరి. సంతోషమే. కాని అదే కాలమున 15-49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత 53.1 నుండి 57.0కు పెరిగినది. ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. బిడ్డకు పాలందినవి, పాలిచ్చు తల్లికి రక్తము చాలదు! చాల యిండ్లలో అందరును తినగా మిగిలినదే ఆమె భోజనము కదా.

అంగన్‌వాడీలో రెండేండ్లలోపు బిడ్డను పరుండబెట్టియే పొడవు కొలువవలెను, నిలువబెట్టినచో 0.7 సెంటీమీటరు తగ్గి కనబడును. కొలత కార్డుపై వ్రాయించుకొని, గీత క్రిందికి వంగిన నెలలోనే తల్లి కారణమడుగవలెను.