చక్కెర లెక్కలో పేగుల వాటా



షుగరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, మందుల చీటీ రాయను. పేగుల సంగతి మాత్రం చెబుతాను. షుగరనగానే మనకు క్లోమం, ఇన్సులిన్ గుర్తొస్తాయి. పేగంటే తిన్నది కిందికి తోసే గొట్టమని మన అభిప్రాయం. గొట్టమే, కాని కబుర్లు పంపే గొట్టం.

1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞులు, పేగు పొరలో పుట్టే సెక్రిటిన్ రక్తం ద్వారా వెళ్ళి క్లోమాన్ని పని చేయిస్తుందని చూపారు. 1964లో ఇంకో చిత్రం బయటపడింది. గ్లూకోజు నరంలోకి ఎక్కించినప్పటికంటే నోటితో తాగించినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతోంది! అంటే, తిన్నది దారిలో ఉండగానే పేగు క్లోమానికి కబురు పెడుతోందన్నమాట.

ఆ కబురు మోసేవాటిలో ముఖ్యమైనది జి.ఎల్.పి.-1. ఇది ఇన్సులిన్‌ను పెంచుతుంది, కాలేయం చేత చక్కెర వదిలించే గ్లూకగాన్‌ను అణచి ఉంచుతుంది, కడుపు త్వరగా ఖాళీ కానివ్వదు, ఇక చాలని మెదడుకు చెబుతుంది. పాపం, దీని ఆయుష్షు రెండు నిమిషాలు. డి.పి.పి.-4 అనే ఎంజైము విరిచేస్తుంది. మనలో చాలామంది వేసుకునే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ మాత్రలు ఆ ఎంజైము చేతులు కట్టేసేవే. 2022లో సిటాగ్లిప్టిన్ పేటెంటు గడువు తీరాక ధర బాగా దిగింది. అదే ఏడు జన ఔషధి దుకాణాల్లో 50 మి.గ్రా. మాత్రలు పది 60 రూపాయలకు పెట్టారు. పెన్షను డబ్బుతో మందులు కొనే మనకు ఇది చిన్న విషయం కాదు.

ఇక కొవ్వు. నెయ్యి చిన్నపేగులోకి దిగగానే పేగు పంపే మరో హార్మోను పిత్తాశయాన్ని పిండుతుంది. పైత్యరసంలోని లవణాలు తమ పని చేసి, నూటికి 95 వంతులు తిరిగి కాలేయం చేరతాయి. పీచు వాటిలో కొన్నిటిని పట్టి బయటికి ఈడ్చుకుపోతుంది. ఆ లోటు పూడ్చడానికి కాలేయం కొలెస్టరాలు ఖర్చు పెట్టక తప్పదు. విరేచనం సాఫీగా కావాలని వేసుకునే ఇసబ్‌గోల్‌కూ ఈ గుణం కొంత ఉంది.

కూర, పప్పు ముందు తిని అన్నం తరువాత తింటే, భోజనం తరువాతి చక్కెర తక్కువగా ఎగబాకుతుందని పరీక్షల్లో తేలింది. ఉత్త కూర తినడమేమిటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. అయితే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ముందు మీ డాక్టరుగారిని అడగండి.

టీ వచ్చేలోగా ప్రశ్నలుంటే చెబుతాను.