కూత వినబడనిద్దాం

నా ఉద్యోగ అనుభవాలు చెప్పమన్నారు. కానీ మధ్యాహ్నం మన గ్రౌండులో పిల్లల కబడ్డీ ఫైనల్స్ ఉన్నాయి, దాని గురించే మాట్లాడతాను. ఆడేవాళ్లకు 14 ఏళ్లు నిండలేదు. చూసేది మనం.

కబడ్డీలో ఒక రైడుకు 30 సెకన్లు. అంతసేపూ కూత ఆగకూడదు, అంపైరుకు వినబడాలి. తెగితే అవుట్. సున్నపు గీత చుట్టూ మనం గోల చేస్తుంటే ఆయన ఏది వినాలి? ఇంకో సంగతి. కూతకు వెళ్లిన ఆటగాణ్ని సొంత జట్టువాడే హెచ్చరిస్తే ఎదుటి జట్టుకు ఒక పాయింటు ఇవ్వాలనే నిబంధన ఉంది. జట్టువాడికే లేని హక్కు గీత బయటి తండ్రికి ఎక్కడిది?

మొన్న చలికాలంలో ఒక మండల స్థాయి మ్యాచ్ చూశాను. ఒక పిల్లవాడు కూతకు వెళ్లాడు. ఈ పక్క తండ్రి "ఎడమకురా, ఎడమకు!" అంటున్నాడు. ఆ పక్క మేనమామ "ఎనుకకు రా, పట్టుకుంటడు!" అంటున్నాడు. వాడు నాయన గొంతు వైపు తల తిప్పాడు. అంతే, చీలమండ దొరికిపోయింది. తండ్రి అందరి ముందూ "చెప్తే ఇనవు" అన్నాడు. విన్నందుకే దొరికాడు పాపం! తర్వాత పీఈటీ సార్ ఎంత చెప్పినా వాడు మళ్లీ కూతకు పోలేదు.

మా సైట్లలో క్రేన్ నడిపేవాడికి సైగలు చేసేది ఒక్కడే. చీఫ్ ఇంజినీరు వచ్చి చెయ్యి ఊపినా ఆపరేటర్ పట్టించుకోడు. ఒక్క 'ఆపు' సైగ మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు. ఇక్కడా అంతే. పిల్లవాడికి దెబ్బ తగిలితే మీరెవరైనా అరవండి. మిగతాది పీఈటీ సార్‌కు వదిలేయండి.

మన పూర్వ విద్యార్థుల అలవాటు ఒకటుంది: "ఈ రైడ్ కొడితే ఐదొందలు!" ఇవ్వాలనుంటే మ్యాచ్ అయ్యాక రెండు జట్లకూ కలిపి ఇవ్వండి. మధ్యలో నోటు చూపిస్తే పిల్లవాడు జట్టును మరిచి తెగించి లోపలికి పోతాడు. మోకాలు ఎవరిది?

అంపైర్లు పక్క బడుల పీఈటీలు. ఆదివారం మానుకుని వస్తున్నారు. తప్పు ఇచ్చారనిపిస్తే కెప్టెన్ అడుగుతాడు. ఫోనులో వీడియో తీసి వాళ్ల ముఖం మీద పెట్టొద్దు.

బాలికల ఫైనల్ ముందు జరుగుతుంది. వాళ్ల నిక్కర్ల మీద ఒక్క మాట కూడా వినబడకూడదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ కూడా అలాంటి మాటలు పడింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయ్యాక అందరూ మా బిడ్డే అన్నారు. మన పిల్లలు గెలిచేదాకా ఎందుకు ఆగాలి, ఇప్పుడే అందాం.

చప్పట్లు మాత్రం ఎంతైనా కొట్టండి. మంచి పట్టు ఎవరు పట్టినా కొట్టండి, అది అవతలి బడి పిల్లలైనా సరే. కూత మొదలవగానే ఆపండి.

ఆట మూడింటికి. కుర్చీలు గీతకు దూరంగా వేయించాం, దయచేసి ముందుకు జరపకండి. ఓడిన జట్టు గ్రౌండు దాటేదాకా ఎవరూ లేవొద్దు. భోజనాలు పక్క షెడ్డులో సిద్ధంగా ఉన్నాయి.